బంతి వేసిన చేయి: సి.ఎస్. నాయుడు క్రీడాజీవితంపై ఒక సింహావలోకనం

1945 మార్చిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో రంజీ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బొంబాయి మీద ఇండోర్ మహారాజు జట్టు హోల్కర్ తలపడింది. ఆరు రోజులు సాగిన ఆ మ్యాచ్‌లో హోల్కర్ లెగ్‌స్పిన్నర్ ఒకాయన మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేశారు. మొత్తం 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒక్క మ్యాచ్‌లో అన్ని బంతులు వేసిన బౌలర్ అంతకు ముందు లేడు, ఆ తర్వాతా రాలేదు. ఇప్పటి ఐపీఎల్ బౌలర్ మ్యాచ్‌కు 24 బంతుల చొప్పున తన వాటా పూర్తిగా వేసుకుంటూ పోతే 38 మ్యాచ్‌లు ముగిసేసరికి 912 దగ్గర ఉంటాడు.

ఆ బౌలర్ పేరు కొఠారి సుబ్బన్న నాయుడు. క్రికెట్ లోకానికి సి.ఎస్. నాయుడు. కర్నల్ సి.కె. నాయుడికి తమ్ముడు. ఈ చివరి మాట చెబితే గానీ మనవాళ్లు ఆయన్ని గుర్తుపట్టరు. నా ఫిర్యాదల్లా దాని గురించే.

ఈ కుటుంబం మూలం మా కృష్ణా జిల్లాలోనే ఉంది. చల్లపల్లి సెంటర్‌లో బందరు బస్సెక్కితే గంట తిరక్కుండా దిగే మచిలీపట్నం కొఠారి వారి పూర్వీకుల ఊరు. ఇంగ్లీషు వర్తకులు 1611లోనే బందరులో కొట్టు తెరిచారు. పరభాషల వాళ్లతో బేరసారాలు నడిపి, వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ చెప్పే దుబాసీలకు ఆ ఊళ్లో కొదవలేదు. కొఠారి వారూ ఆ పనిలో ఉన్నవాళ్లే. దుబాసీలుగా, వకీళ్లుగా హైదరాబాదు చేరి, అక్కణ్ణించి ఔరంగాబాదు, చివరికి నాగపూరు వెళ్లి స్థిరపడ్డారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరున్న వకీలు, భూస్వామి, కాంగ్రెస్ తొలినాటి సభ్యుల్లో ఒకరు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, హోల్కర్ సంస్థానం హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు. పెద్దవాడు కనకయ్య, అంటే సి.కె., 1895 అక్టోబరు 31న, సుబ్బన్న 1914 ఏప్రిల్ 18న నాగపూరులోనే పుట్టారు. అన్నదమ్ముల మధ్య పద్దెనిమిదేళ్ల పైచిలుకు తేడా. తమ్ముడు బంతి పట్టే ఈడుకు అన్న దేశమంతా తెలిసిన మనిషి.

ఎంతగా తెలిసిన మనిషంటే, 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ తీసుకొచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో సి.కె. 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. భారత్‌కు టెస్టు హోదా రావడానికి తోడ్పడిన ఘట్టాల్లో ఆ ఇన్నింగ్స్ ఒకటని క్రికెట్ చరిత్రలన్నీ ఒప్పుకుంటాయి. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. అలాంటి అన్న నీడలో పెరిగిన తమ్ముడు బ్యాటు కాకుండా లెగ్‌స్పిన్‌ను నమ్ముకున్నారు. క్రికెట్‌లో ఇంతకన్నా కష్టమైన విద్య లేదు. మణికట్టు కాస్త అదుపు తప్పితే బంతి బౌండరీ అవతల ఉంటుంది. ఫాస్ట్ బౌలర్ తప్పు చేస్తే వేగమైనా కాపాడుతుంది, లెగ్‌స్పిన్నర్‌ను కాపాడేది ఏదీ లేదు. పైగా గూగ్లీ కూడా వేసేవాడైతే నాలుగు మంచి బంతులకు రెండు చెడ్డవి పడతాయని ముందే ఒప్పుకున్న కెప్టెన్ కావాలి.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టాలి. డబ్బు తీసుకుని బంతి వేసేవాడికి ఆటలో ఏ స్థానం ఉండేదో తెలియకుండా సి.ఎస్. కథ అర్థం కాదు.

ఇంగ్లండులో దొరలు సరదాకు ఆడేవారు, కూలికి వచ్చినవాళ్లు బతుకు కోసం ఆడేవారు. ఈ రెండు వర్గాలకూ స్కోరు కార్డు మీద పేర్లు రాసే పద్ధతి కూడా వేరుగా ఉండేది. 1962 చివర్లో గానీ ఆ విభజన పోలేదు. బరువైన బౌలింగ్ ఎక్కువగా రెండో వర్గం నెత్తిన పడేది. మన దేశంలో ఇదే కథ కులంతో ముడిపడింది. పల్వంకర్ బాలూ అనే దళిత యువకుడు పూనాలోని తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, దొరలకు ప్రాక్టీసు కోసం గంటల తరబడి బంతులు వేస్తూ ఎడమచేతి స్పిన్ నేర్చుకున్నాడు. అప్పట్లో అతని జీతం నెలకు నాలుగు రూపాయలని చరిత్రకారులు రాశారు. అదే బాలూ 1911లో పాటియాలా మహారాజు జట్టుతో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు తీశాడు. ఇండియాలో పుట్టిన తొలి గొప్ప బౌలర్ ఎవరంటే నేను తడుముకోకుండా అతని పేరే చెబుతాను.

అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగింది. బేస్‌బాల్‌లో 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు బాహాటంగా జీతాలిచ్చి ఆడించడం మొదలుపెట్టింది. ఆ తొలి దశాబ్దాల్లో పిచ్చర్ల చాకిరీ కూడా భయంకరమైనదే. 1884లో చార్లెస్ రాడ్‌బోర్న్ ప్రావిడెన్స్ జట్టుకు ఒకే సీజన్‌లో 678 ఇన్నింగ్స్‌కు పైగా బంతి విసిరి 59 మ్యాచ్‌లు గెలిపించాడు. 60 అని లెక్కగట్టేవాళ్లూ ఉన్నారు. ఆ సీజన్ చివరికి తల దువ్వుకోవడానికి కూడా చేయి పైకి లేచేది కాదని చెప్పుకుంటారు. అయితే అక్కడి జ్ఞాపకం పిచ్చర్ పక్షాన నిలబడింది. 511 విజయాలు సాధించిన సై యంగ్ 1955లో చనిపోతే, 1956 నుంచి మేటి పిచ్చర్‌కు అతని పేరుతోనే బహుమతి ఇస్తున్నారు. బంతి విసిరినవాడు అక్కడ కథానాయకుడు. మన క్రికెట్‌లో ఆ పీట ఎప్పుడూ బ్యాటు పట్టినవాడిదే.

మన దగ్గర ఆటగాణ్ణి పోషించింది సంస్థానాలు. దేవరకోట సంస్థానమన్న పాత పేరున్న చల్లపల్లి వాళ్లకు ఈ వ్యవస్థను విడమరచి చెప్పాల్సిన పని లేదు. కోట, దివాణం, దివాణంలో కొలువు అంటే ఏమిటో ఇక్కడి పెద్దలకు బాగా తెలుసు. మా జమీందార్లు గుళ్లు పోషించారు, పండితులను ఆదరించారు. హోల్కర్లు, గాయక్వాడ్‌లు, పాటియాలా వాళ్లు, మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ క్రికెటర్లను పోషించారు. బాహాటంగా చెప్పని జీతగాళ్లని అనొచ్చు వాళ్లను. కాగితం మీద సైన్యంలో కెప్టెనో, దివాణంలో ఉద్యోగో. అసలు పని మహారాజు జట్టుకు ఆడటం. సి.కె. 1923లో హోల్కర్ కొలువుకు వచ్చింది అలాగే, కర్నల్ అయింది అలాగే. సి.ఎస్. తిరిగిన జట్ల పేర్లు వరుసగా చదివితే కొలువు వెతుక్కుంటూ తిరిగిన మనిషి దారి కనిపిస్తుంది. సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కర్, బెంగాల్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్. రంజీలో ఏడు జట్లు. కుటుంబం బందరు నుంచి నాగపూరు దాకా తిరిగినట్టే ఆయనా తిరిగారు.

ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 1931-32లో, పదిహేడేళ్ల వయసులో అడుగుపెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి టెస్టు క్యాప్ వచ్చింది. 1934 జనవరి 5న కలకత్తాలో డగ్లస్ జార్డిన్ ఇంగ్లండు జట్టు మీద మొదలైన టెస్టులో ఆయనతో పాటు ముస్తాక్ అలీ, దిలావర్ హుస్సేన్, ఎం.జె. గోపాలన్ కూడా తొలిసారి ఆడారు. కెప్టెన్ సొంత అన్నే. అన్న కదా తమ్ముణ్ణి తెచ్చుకున్నాడని గొణిగినవాళ్లు ఉండే ఉంటారు, మన దేశంలో అది మామూలే. కానీ తర్వాతి పాతికేళ్ల పైచిలుకు లెక్కలు చూస్తే ఆ ఎంపికను బంధుప్రీతి అనడానికి ఎవరికీ నోరు రాదు.

1936 ఇంగ్లండు పర్యటన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది. మాంచెస్టర్ టెస్టులో ఆడిన పదకొండు మందిలో నలుగురు తెలుగు మూలాల వాళ్లు. సి.కె., సి.ఎస్., మద్రాసు బుచ్చిబాబు నాయుడి కొడుకు కోటా రామస్వామి, కెప్టెన్ విజయనగరం విజ్జీ. రామస్వామికి అప్పటికి నలభై ఏళ్లు. అంతకు ముందే 1922లో టెన్నిస్‌లో డేవిస్ కప్ ఆడిన మనిషి. అలాంటి అరుదైన జట్టుకు దక్కిన పేరేమిటయ్యా అంటే కుళ్లు రాజకీయం. కెప్టెన్‌కూ మాజీ కెప్టెన్‌కూ పడలేదు. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపారు. ఉదయం ఫలహారం బల్ల దగ్గర సి.కె.ను అవమానించినందుకు ప్రతిఫలంగా బాకా జిలానీకి టెస్టులో చోటు దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ సెంచరీలు కొట్టి తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ఆ పర్యటనలో బాగా గుర్తుండిపోయింది అదొక్కటే. ఇరవై రెండేళ్ల లెగ్‌స్పిన్నర్ ఆ కొట్లాటల మధ్య ఏం నేర్చుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ తర్వాత పదేళ్ల పాటు భారత్ ఒక్క టెస్టు కూడా ఆడలేదు. 1936 ఆగస్టు నుంచి 1946 జూన్ దాకా అధికారిక టెస్టు లేదు. అందులో ఆరేళ్లు ప్రపంచ యుద్ధం మింగేసింది. అంటే సి.ఎస్.కు ఇరవై రెండు నుంచి ముప్పై రెండేళ్ల వయసు. లెగ్‌స్పిన్నర్ మణికట్టుకు పదునొచ్చే కాలమంతా అదే. ఆయన్ని అంచనా వేయడానికి కూర్చునే ఎవరైనా ముందు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి, తీసుకోరు.

టెస్టులు లేకపోయినా ఇక్కడ రంజీ ఆగలేదు. యుద్ధం వల్ల ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో మైదానాలు మూతపడిన రోజుల్లో మన దేశంలో పరుగుల వరద పారింది. పిచ్‌లు చాపల్లా పరుచుకుని ఉండేవి. మర్చంట్, హజారే లాంటి వాళ్లు రెండేసి రోజులు క్రీజు వదలకుండా ఆడేవారు. వాళ్ల రికార్డులన్నీ ఎవరో ఒకరు వేసిన బంతుల మీదే కట్టారన్నది మనం మర్చిపోతాం. మా డెల్టాలో నాట్లు వేసిన చేతుల పేర్లు ఎవరికీ తెలియవు, గాదె నిండిన ఆసామి పేరు మాత్రం నాలుగూళ్లకూ తెలుస్తుంది. ఆ కాలపు క్రికెట్‌లో నాట్లు వేసింది సి.ఎస్. లాంటి వాళ్లు.

అలాంటి చచ్చు పిచ్‌ల మీద కూడా ఆయన వికెట్లు తీశారు. 1942-43లో బరోడా తరఫున ఆడుతూ ఆ సీజన్ రంజీలో 40 వికెట్లు పడగొట్టారు. ఒకే రంజీ సీజన్‌లో 40 వికెట్లు తీసిన మొదటి బౌలర్ ఆయనే. ఆ ఏడాది బరోడా ఫైనల్లో హైదరాబాదును ఓడించి ట్రోఫీ గెలిచింది. అప్పట్లో ఒక జట్టు సీజన్ మొత్తంలో ఆడే మ్యాచ్‌లే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఇప్పుడు లీగు పద్ధతిలో ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌లను తలుచుకుంటే ఆ 40 వికెట్ల బరువు తెలుస్తుంది.

ఆ తర్వాత అన్న ఉన్న హోల్కర్‌కు వచ్చారు. హోల్కర్ జట్టు బతికింది పద్నాలుగేళ్లే. అందులో నాలుగుసార్లు విజేత, ఆరుసార్లు రన్నరప్. సి.కె. క్రమశిక్షణ గురించి ఎన్నో కథలున్నాయి. జట్టంతా ఆయనంటే హడలిపోయేదంటారు. 1945-46లో మైసూరు మీద ఆ జట్టు 8 వికెట్లకు 912 పరుగులు చేసింది. ఆరుగురు సెంచరీలు కొట్టారు. అందులో యాభై ఏళ్ల సి.కె. కూడా ఒకరు. ఆ సీజన్‌లోనే హోల్కర్ మొదటిసారి రంజీ గెలిచింది.

అంతకు ముందు ఏడాది జరిగిందే నేను మొదట చెప్పిన ఫైనల్. బొంబాయి మొదటి ఇన్నింగ్స్‌లో 462 చేసింది. సి.ఎస్. 153 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. హోల్కర్ 360కి ముగిసింది. రెండో ఇన్నింగ్స్‌లో బొంబాయి ఏకంగా 764 చేసింది. విజయ్ మర్చంట్ ఒక్కడే 278. ఆ 764లో 88 ఓవర్లు సి.ఎస్. చేతి మీదుగా వెళ్లాయి. 275 పరుగులిచ్చి 5 వికెట్లు తీశారు. మ్యాచ్ మొత్తం మీద 428 పరుగులకు 11 వికెట్లు. ఒక మ్యాచ్‌లో ఒక బౌలర్ ఇచ్చిన అత్యధిక పరుగుల రికార్డు కూడా ఇదే. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నేను మాత్రం ఆ అంకెను వేరేగా చదువుతాను. మొదటి ఇన్నింగ్స్‌లో దాదాపు 65 ఓవర్లు వేసినవాణ్ణి రెండో ఇన్నింగ్స్‌లో పక్కన పెట్టకుండా 88 ఓవర్లు వేయించారంటే, కెప్టెన్‌కు ఆ చేతి మీద ఉన్న నమ్మకం ఎంత? ఐదో రోజుకు కూడా ఇంకో వికెట్ తీయగలడని నమ్మితేనే కదా బంతి ఇచ్చేది. పరుగులు అన్ని ఇచ్చినా ఆ మ్యాచ్‌లో బొంబాయివి 11 వికెట్లు తీశారన్నది మాత్రం ఎవరూ ఎత్తరు.

గెలుపుకు 867 పరుగులు కావాల్సిన హోల్కర్ 492 చేసి 374 పరుగుల తేడాతో ఓడింది. నాలుగు ఇన్నింగ్స్‌ల మొత్తం 2078. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీ చేశాడు. కానీ ఈ మ్యాచ్ పేరు చెప్పగానే అందరూ తలుచుకునేది డెనిస్ కాంప్టన్‌ను. యుద్ధం రోజుల్లో మహూ సైనిక శిబిరంలో ఉన్న ఆ ఇంగ్లండు బ్యాట్స్‌మన్ హోల్కర్ తరఫున ఆడి 249 నాటౌట్‌గా మిగిలాడు. సెంచరీ దాటాక చేసే ప్రతి పరుగుకూ వంద రూపాయలిస్తానని ఇండోర్ వ్యాపారి ఒకాయన మాటిచ్చాడని, మ్యాచ్ అయ్యాక అర్జెంటు పని మీద కలకత్తా వెళ్తున్నానని చీటీ రాసిపెట్టి మాయమయ్యాడని కాంప్టన్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. లెక్క వేస్తే 14,900 రూపాయలు. బ్యాటు పట్టినవాడికి పరుగుకు వంద ఆశ చూపించిన మనుషులు ఉన్నారు. వికెట్‌కు ఇంత అని బౌలర్‌కు ఎవరైనా ఆశ చూపించినట్టు ఏ కథలోనూ లేదు.

1946 మే నెలలో ఓవల్‌లో ఇదే ఇంకోలా జరిగింది. సర్రే కౌంటీ మీద భారత్ 205 పరుగులకు 9 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు పదో నంబరు చందూ సర్వటే, పదకొండో నంబరు షూటే బెనర్జీ ఇద్దరూ సెంచరీలు కొట్టి చివరి వికెట్‌కు 249 జోడించారు. ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది, పెట్టాల్సిందే. అదే మ్యాచ్‌లో సర్రేను 135కు కూల్చిన ఇన్నింగ్స్‌లో సి.ఎస్. నాయుడు హ్యాట్రిక్ తీశారు. వరుసగా మూడు బంతులకు ముగ్గురిని పంపిన లెగ్‌స్పిన్నర్‌ను ఆ చివరి వికెట్ భాగస్వామ్యం మింగేసింది. భారత్ తొమ్మిది వికెట్లతో గెలిచింది. ఈ మ్యాచ్ గురించి పుస్తకాల్లో చదివినవాళ్లకు కూడా హ్యాట్రిక్ సంగతి తెలియకపోవడం నేను చూశాను.

ఇప్పుడు ఆయన మీద ఉన్న ప్రధాన ఆరోపణ దగ్గరికి వద్దాం. 11 టెస్టుల్లో 2 వికెట్లు, సగటు 179.50. టెస్టు చరిత్రలో చెత్త బౌలింగ్ సగటుల జాబితా ఎవరు తయారుచేసినా ఆయన పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. అంకె అబద్ధం కాదు. కానీ దాని పక్కనే ఇంకో అంకె రాసుకోవాలి. ఆ 11 టెస్టుల్లో ఆయన వేసిన మొత్తం బంతులు 522. అంటే టెస్టుకు సగటున ఎనిమిది ఓవర్లు కూడా లేవు. బొంబాయిలో ఒక్క రంజీ మ్యాచ్‌లో 917 బంతులు వేసిన మనిషి, పద్దెనిమిదేళ్ల టెస్టు జీవితంలో 522 వేశారు. ఎనిమిది ఓవర్లలో లెగ్‌స్పిన్నర్ చేయగలిగింది ఏముంటుంది? చేయి కుదురుకునేలోపే బంతి లాక్కుంటారు. రెండు బౌండరీలు వెళ్తే మళ్లీ ఇవ్వరు. వినూ మన్కడ్ లాంటి కచ్చితమైన ఎడమచేతి స్పిన్నర్ జట్టులో ఉంటే మరీ కష్టం. ఎవరూ దురుద్దేశంతో చేశారని నేను అనను. ఓడిపోకుండా బయటపడితే చాలనుకునే జట్టుకు పరుగులిచ్చి వికెట్ కొనే బౌలర్ ఖరీదైన సరుకు. సి.కె., విజ్జీ, పటౌడీ నవాబు, లాలా అమర్‌నాథ్, హజారే, ఇలా ఐదుగురు కెప్టెన్ల కింద ఆయన టెస్టులు ఆడారు. ఏ ఒక్కరూ హోల్కర్‌లో నమ్మినట్టు నమ్మలేదు. 1947-48లో ఆస్ట్రేలియా వెళ్తే అక్కడ ఎదురైంది డాన్ బ్రాడ్‌మన్. ఆ సిరీస్‌లో బ్రాడ్‌మన్ 715 పరుగులు చేశాడు, సగటు 178.75. ఆ పర్యటనలో ఏ భారత బౌలర్ సుఖపడ్డాడు గనక?

కొంత తప్పు ఆయనది కూడా. బంతిని అతిగా తిప్పాలన్న ఉబలాటంలో నిలకడ వదులుకునేవారని ఆ తరం వాళ్లు చెప్పారు. ఆయన తర్వాత వచ్చిన సుభాష్ గుప్తే తిప్పడంతో పాటు బంతిని అనుకున్న చోట వేయడం కూడా తెలిసినవాడు. 1951 డిసెంబరు 30న కలకత్తాలో గుప్తే తొలి టెస్టు మొదలైంది. రెండు వారాలకు, 1952 జనవరిలో కాన్పూరులో సి.ఎస్. తన చివరి టెస్టు ఆడారు. భారత లెగ్‌స్పిన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది ఆ రెండు టెస్టుల మధ్యలో. కాన్పూరులో ఇంగ్లండు ఎనిమిది వికెట్లతో గెలిచింది. ఆ తర్వాతి టెస్టు ఫిబ్రవరిలో మద్రాసులో. మన్కడ్ 12 వికెట్లు తీయగా భారత్ ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో నెగ్గింది. ఇరవై ఏళ్ల టెస్టు చరిత్రలో మన మొట్టమొదటి గెలుపు అది. సి.ఎస్. అందులో లేరు. 1934 నుంచి 1952 దాకా దేశానికి ఆడిన మనిషి గెలిచిన జట్టులో ఒక్కసారి కూడా లేకుండా, ఒకే ఒక్క టెస్టు తేడాతో వెళ్లిపోయారు.

టెస్టులు వదిలేసి మొత్తం క్రీడాజీవితం చూస్తే మనిషి వేరేగా కనిపిస్తారు. 174 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 647 వికెట్లు, సగటు 26 పైచిలుకు. బ్యాటుతో 5,786 పరుగులు, నాలుగు సెంచరీలు. పరుగుల వరద పారిన ఆ దశాబ్దం సహా, చచ్చు పిచ్‌ల మీద, పాతికేళ్లకు పైగా బంతి తిప్పి వికెట్‌కు 26 పరుగుల చొప్పున ఇచ్చినవాణ్ణి విఫలమైన బౌలర్ అనడం అన్యాయం. మొదటి రకం లెక్కే చాలామంది చదువుతారు, రెండోది చదివేవాళ్లు తక్కువ.

ఇక ఆంధ్ర సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాదే ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది, 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీలోకి వచ్చింది. కొత్త జట్టును నడిపించడానికి యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు వచ్చారు. సి.ఎస్. కూడా ఆంధ్ర చొక్కా తొడుక్కున్నారు. బందరు వదిలి తరాలు గడిచిన కుటుంబం, మాటలో మరాఠీ, హిందీ కలిసిపోయిన కుటుంబం, సొంత రాష్ట్రం పేరుతో జట్టు లేస్తుంటే వచ్చి నిలబడింది. అప్పట్లో మనకు పెద్ద మైదానాలు లేవు, పిచ్‌లు లేవు, డబ్బు లేదు. వాళ్ల చేయూత లేకుండా ఆంధ్ర రంజీ ప్రవేశం అంత గౌరవంగా జరిగేది కాదని నా నమ్మకం. ఆ తర్వాత సి.ఎస్. ఉత్తరప్రదేశ్‌కు, మధ్యప్రదేశ్‌కు వెళ్లి 1960-61 దాకా ఆడుతూనే ఉన్నారు. అప్పటికి ఆయనకు నలభై ఆరు. సి.కె. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడిన మనిషి కాబట్టి ఆ ఇంట్లో ఇది వింతేమీ కాదు.

తరువాతి తరాల్లో హైదరాబాదు నుంచి లెగ్‌స్పిన్నర్ ఎం.వి. నరసింహారావు టెస్టుల దాకా వెళ్లాడు. తూర్పు గోదావరి ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు ఎడమచేతి స్పిన్‌తో 28 టెస్టుల్లో 93 వికెట్లు తీశాడు. కృష్ణా జిల్లా కుర్రాళ్లు మాత్రం ఇప్పటికీ బ్యాటే ముందు పట్టుకుంటారు. సందు క్రికెట్‌లో కూడా బంతి వేయమంటే మొహం మాడ్చుకునే పిల్లలే ఎక్కువ.

సి.కె. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. 1956లోనే పద్మభూషణ్ వచ్చింది. ఆయన పేరు మీద కుర్రాళ్ల జాతీయ ట్రోఫీ ఉంది, బోర్డు ఏటా ఇచ్చే జీవన సాఫల్య పురస్కారం ఉంది. ఆయన కూతురు చంద్ర నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకుని తండ్రి మీద పుస్తకం కూడా రాశారు. తమ్ముడు సి.ఎస్. 2002 నవంబరు 22న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో అదే ఇండోర్‌లో వెళ్లిపోయారు. రెండు రోజులకు, నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. జనం కిక్కిరిసి చూశారు. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనం 135 పరుగులతో ఓడిపోయాం. ఆ మర్నాడు ఊరంతా మాట్లాడుకుంది శామ్యూల్స్ గురించే.

ఆంధ్ర క్రికెట్ సంఘం వాళ్లకూ, కృష్ణా జిల్లాలో ఆట నడిపే పెద్దలకూ నా మనవి ఒకటే. ఏటా బందరులోనో చల్లపల్లిలోనో కుర్ర లెగ్‌స్పిన్నర్లకు ఒక పోటీ పెట్టండి. సిక్సర్లు లెక్కపెట్టకుండా, సీజన్‌లో ఎక్కువ ఓవర్లు వేసి ఎక్కువ వికెట్లు తీసిన కుర్రాడికి సి.ఎస్. నాయుడు పేరు మీద బహుమతి ఇవ్వండి. డబ్బు ఎంతన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ ఏడాదే మొదలుపెట్టండి.